హైస్కూలు చదువు కూడా అమానతే

ఒక జుమా రోజు నమాజు ముగిసి జనం వెళ్లిపోయిన తర్వాత, పదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఖుర్ఆన్‌లో ఐదు పారాలు కంఠస్థం చేసినవాడు. ఫజర్ నమాజులో కూడా మొదటి వరుసలో కనిపించే పిల్లవాడు. అంతకు వారం ముందే వాళ్ల అబ్బా వచ్చి తన గోడు చెప్పుకున్నారు. "మౌలానా, వీడు అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలు తప్పాడు. సైన్సు అంతంత మాత్రం. ఏమిట్రా అంటే దీన్ మాటలు చెప్పి నా నోరు మూయిస్తున్నాడు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను, ఏం జవాబు చెప్పాలో తెలియడం లేదు. మీరే చెప్పండి" అన్నారు.

మేము ఏమీ అడగక ముందే అబ్బాయి మొదలుపెట్టాడు. "హజ్రత్, సమాధిలో మున్కర్ నకీర్‌లు మూడు ప్రశ్నలే అడుగుతారని మీరే ఖుత్బాలో చెప్పారు. నీ ప్రభువు ఎవరు, నీ ధర్మం ఏది, నీ ప్రవక్త ఎవరు అని. అందులో ట్రిగనామెట్రీ లేదు కదా!"

మాకు నవ్వొచ్చింది. కాని ఆ ప్రశ్నను నవ్వి వదిలేయడానికి మనసు ఒప్పలేదు. ఎందుకంటే ఇదే మాటను మన ఇళ్లలో పెద్దవాళ్లు కూడా వేరే విధంగా అంటుంటారు. "ఈ చదువులు ఎలాగూ దునియా కోసమే కదా" అంటారు ఒకరు. "మనవాళ్లు చదివినా ఉద్యోగాలు ఎవరిస్తారు?" అంటారు మరొకరు. "పదో తరగతి దాకా వచ్చింది చాల్లే, ఆడపిల్లకు అంతకంటే ఎందుకు?" అంటారు ఇంకొకరు. ఈ మాటలన్నీ విని విని పిల్లవాడు తన బద్ధకానికి ఒక ధార్మిక ముసుగు కుట్టుకున్నాడు. తప్పు వాడిది ఒక్కడిదే అనలేము.

మేము అతనితో అన్నాం: "బేటా, సమాధి ప్రశ్నల్లో ట్రిగనామెట్రీ లేదన్నది నిజమే. అయితే ప్రళయదినాన అడిగే ప్రశ్నలు కూడా ఉన్నాయి. తిర్మిజీ గ్రంథంలోని హదీసు ప్రకారం, మనిషి తన ఆయుష్షును, యౌవనాన్ని దేనిలో ఖర్చు చేశాడో, సంపదను ఎలా సంపాదించి ఎక్కడ ఖర్చుపెట్టాడో, తెలుసుకున్న దాని మీద ఎంతవరకు ఆచరించాడో చెప్పేదాకా అక్కడి నుంచి అతని పాదాలు కదలవు. నీకిప్పుడు పదిహేనేళ్లు. రోజుకు ఆరేడు గంటలు బడిలో కూర్చుంటున్నావు. ఆ గంటలు ఏ ఖాతాలో రాయమంటావు?"

అబ్బాయి తల వంచుకున్నాడు. అయినా ఒప్పుకోలేదని ముఖం చెబుతూనే ఉంది. పదిహేనేళ్ల పిల్లవాడు ఒక్క మాటతో ఒప్పుకుంటే వాడు పదిహేనేళ్లవాడే కాదు!

ఆ రోజు అతనికి చెప్పినవీ, ఆ తర్వాత గుర్తొచ్చినవీ కలిపి పాఠకుల ముందు ఉంచుతున్నాం.

బద్ర్ ఖైదీలు నేర్పిన చదువు

హిరా గుహలో వచ్చిన తొలి దైవవాణి చదవమనే ఆజ్ఞతో మొదలైందని, అందులో కలం ప్రస్తావన ఉందని మన పిల్లలందరికీ తెలుసు. అయితే "అది దీన్ చదువు గురించే కదా" అని ఒక ప్రశ్న వస్తుంది. దానికి జవాబు హిజ్రీ రెండో సంవత్సరంలో జరిగిన ఒక సంఘటనలో దొరుకుతుంది.

బద్ర్ యుద్ధంలో మక్కావారు కొందరు ఖైదీలుగా చిక్కారు. పరిహారం చెల్లించి విడిపించుకునే స్తోమత లేనివారు వారిలో ఉన్నారు. అలాంటివారిలో చదవడం రాయడం వచ్చినవారు మదీనా అన్సార్ల పిల్లలకు రాత నేర్పితే అదే వారి పరిహారమని దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఒక్కొక్కరు పది మంది పిల్లలకు నేర్పారని చరిత్రకారులు రాశారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ ఉపాధ్యాయులు ఎవరు? బహుదైవారాధకులు. నిన్నటిదాకా కత్తి పట్టుకుని ఎదుట నిలిచినవారు. వాళ్లు నేర్పింది ఖుర్ఆన్ వ్యాఖ్యానమా, ఫిఖహా? కాదు, అక్షరాలు. మదీనాలో అప్పుడు డబ్బు ఎంత అవసరమో అందరికీ తెలిసిందే. ఆ డబ్బుకు బదులు పిల్లల చేతికి అక్షరం చాలునని దైవప్రవక్త (స) అనుకున్నారు. మన బడిలో టీచరు ముస్లిం కాదు గనుక ఆ చదువు మనది కాదనే మాట కొందరి నోట వింటుంటాం. వారు ఈ సంఘటన గురించి ఏమంటారో!

అలా రాత నేర్చుకున్న పిల్లల్లో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఒకరని ఇబ్నె సఅద్ పేర్కొన్నారు. హైస్కూలు వయసు పిల్లలకు చెప్పాల్సిన కథ ఏదైనా ఉందంటే అది ఈయనదే. హిజ్రత్ నాటికి ఆయన వయసు పదకొండేళ్లు. తండ్రి లేని పిల్లవాడు. బద్ర్ యుద్ధానికి వెళ్లాలని ఉబలాటపడ్డారు, వయసు చాలదని వెనక్కి పంపేశారు. అయితే అప్పటికే ఆయనకు ఖుర్ఆన్‌లో పదిహేడు సూరాల దాకా కంఠస్థం. ఆ సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఎంతో సంతోషించారు. సంతోషించి, ఇంకా కంఠస్థం చెయ్యి అని మాత్రమే చెప్పి పంపలేదు. యూదుల లిపి నేర్చుకోమన్నారు. వారితో జరిగే ఉత్తర ప్రత్యుత్తరాల విషయంలో ఇతరుల మీద ఆధారపడటం ఆయనకు ఇష్టం లేదు. జైద్ (రజి) పక్షం రోజులు గడవక ముందే అది నేర్చేసుకున్నారు. ఆపైన దైవప్రవక్త (స) తరఫున ఉత్తరాలు రాసిందీ, వచ్చినవి చదివి వినిపించిందీ ఆయనే.

ఇదే జైద్ (రజి) ఇరవై రెండేళ్ల యువకుడై ఉండగా యమామా యుద్ధం జరిగింది. ఎంతో మంది హాఫిజులు అమరులయ్యారు. ఖుర్ఆన్‌ను ఒకచోట సంకలనం చేయాలని నిర్ణయించినప్పుడు హజ్రత్ అబూ బకర్ (రజి) ఆ పనికి ఆయననే పిలిచారు. పెద్ద పెద్ద సహాబాలు ఎందరో ఉన్నారు. అయినా తెలివైన యువకుడు, నమ్మకస్థుడు, దైవవాణిని రాసిన అనుభవం ఉన్నవాడు అని ఆయన్ను ఎంచుకున్నారు. ఒక కొండను కదిలించమన్నా అంత బరువు అనిపించేది కాదని జైద్ (రజి) తర్వాత చెప్పుకున్నారు. ఆ బరువు మోయగల చెయ్యి ఎక్కడ తయారైంది? పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో పలక మీద తయారైంది. అప్పుడు ఆ పిల్లవాడికి తను ముందుముందు ఏం చేయబోతున్నాడో తెలియదు. మన పిల్లలకూ తెలియదు.

భిన్నాలు రాని మౌల్వీ

ఇప్పుడు మా సంగతి కొంచెం చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మేము ఏడో తరగతి మధ్యలో బడి మాని మద్రసాలో చేరాం. అక్కడ అరబ్బీ, ఉర్దూ, ఫిఖహ్, హదీసు ఎంతో శ్రద్ధగా నేర్పారు. అల్లాహ్ మా ఉస్తాదులకు ఉత్తమ ప్రతిఫలం ఇవ్వుగాక! కాని లెక్కలంటే మాకు చిన్నచూపు ఉండేది. లెక్కలు దుకాణదారుల చదువని స్నేహితులతో కలిసి హాస్యమాడేవాళ్లం. ఆ తర్వాత వారసత్వ పంపకాలను బోధించే 'సిరాజీ' పుస్తకం మొదలైంది. మా హాస్యం అంతటితో సరి!

విషయం చూడండి. ఒక వ్యక్తి చనిపోయాడు. అతనికి భార్య, తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. తండ్రి లేడు. అప్పులు, వీలునామా తీరిపోయాక మిగిలిన ఆస్తి 9,60,000 రూపాయలు. సంతానం ఉంది గనుక భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు. మిగిలింది సంతానానికి, కొడుక్కు రెండు పాళ్లు, ఒక్కో కూతురికి ఒక పాలు. ఎనిమిదికి, ఆరుకి క.సా.గు. 24. అందులో భార్యకు 3, తల్లికి 4 పోతే 17 మిగిలాయి. ఆ పదిహేడును నాలుగు పాళ్లు చేయాలి. సమంగా తెగదు. అందుకని 24ను నాలుగుతో హెచ్చవేసి 96 చేస్తారు. ఇప్పుడు భార్యకు 12, తల్లికి 16, కొడుక్కు 34, కూతుళ్లకు చెరి 17. రూపాయల్లో భార్యకు 1,20,000, తల్లికి 1,60,000, కొడుక్కు 3,40,000, ఒక్కో కూతురికి 1,70,000.

క.సా.గు. నేర్పేది ఆరో తరగతిలో. బడిలో మేము ఆ పాఠం దాటే వచ్చాం, కాని శ్రద్ధ పెట్టలేదు. సూరె నిసాలోని వారసత్వ ఆయతులను అరబ్బీలో గడగడా చదవగలిగిన మేము, ఆ ఆయతుల మీద ఆచరించే దగ్గర చేతులెత్తేశాం. తోటి విద్యార్థి ఒకడు తొమ్మిదో తరగతి పూర్తి చేసి వచ్చినవాడు. రాత్రిళ్లు కూర్చోబెట్టి భిన్నాలు నేర్పింది అతనే. ఆ తర్వాత ఇరవై రెండో ఏట ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాశాం. పక్క బల్ల మీద కూర్చున్న కుర్రాడు మమ్మల్ని పరీక్ష పెట్టే సారు అనుకుని లేచి నిలబడ్డాడు!

మనలో ఎన్ని ఇళ్లలో అక్కచెల్లెళ్లకు వాటా అందకుండా పోతోందో అందరికీ తెలుసు. కొన్నిచోట్ల అది దురాశ. కొన్నిచోట్ల ఎంత రావాలో ఆ చెల్లెలికే తెలియదు, "నీకింతే వస్తుంది" అంటే నమ్మేస్తుంది. ఆమెకు భిన్నాలు వచ్చి ఉంటే కనీసం అడగగలిగేది.

బీజగణితం మీద తొలి పుస్తకాల్లో ఒకటి రాసిన అల్ ఖ్వారిజ్మీ, ఖలీఫా మామూన్ కాలపు బాగ్దాద్ పండితుడు. తన పుస్తకం వారసత్వాలు, వీలునామాలు, పంపకాలు, వ్యాపారాల్లో జనానికి పనికి రావాలని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. అందులో పెద్ద భాగం వీలునామాల లెక్కలే. ఇక మన అబ్బాయి ఎగతాళి చేసిన ట్రిగనామెట్రీ సంగతి. అల్ బీరూనీ గజనీ నుంచి ఖిబ్లా దిశను లెక్కగట్టింది దీనితోనే. అంత దూరం ఎందుకు, మస్జిద్ గోడ మీద ఉన్న అసర్ వేళ చూడండి. మధ్యాహ్నపు నీడను మినహాయిస్తే, షాఫయీ మస్లక్ ప్రకారం వస్తువు నీడ దాని ఎత్తుకు సమానం కాగానే అసర్ వేళ మొదలు. హనఫీ మస్లక్‌లో నీడ ఎత్తుకు రెట్టింపు కావాలి. హైదరాబాదులో ఏటా మే నెలలో ఒక రోజు, ఆగస్టులో ఒక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ రోజు సూర్యుడు 45 డిగ్రీల ఎత్తుకు దిగితే నీడ, ఎత్తు సమానం. పదో తరగతి పుస్తకంలో టాన్ 45 విలువ 1 అని రాసింది ఇదే. నీడ రెట్టింపు అయ్యేది సూర్యుడు సుమారు ఇరవై ఆరున్నర డిగ్రీలకు దిగినప్పుడు. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం మన అబ్బాయి కళ్లు కొంచెం పెద్దవయ్యాయి.

అలాగని ప్రతి పాఠానికీ ఒక ధార్మిక ప్రయోజనం చూపిస్తేనే చదువుతానంటే కుదరదు. ఇమామ్ గజాలీ (రహ్మలై) వైద్యాన్ని, గణితాన్ని ఫర్జె కిఫాయాగా లెక్కించారు. అంటే సమాజంలో కొందరైనా నేర్చి తీరాలి, ఎవరూ నేర్వకపోతే అందరూ పాపాత్ములే. ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడే లేడని, జనం మాత్రం ఫిఖహ్ చర్చల కోసం ఎగబడుతున్నారని ఆయన తొమ్మిది వందల ఏళ్ల కిందట బాధపడ్డారు. మన ఊళ్లో ఒక ముస్లిం స్త్రీకి కాన్పు సమయంలో స్త్రీ వైద్యురాలే కావాలని కోరుకుంటాం. ఆ వైద్యురాలు ఆకాశం నుంచి దిగిరాదు. ఎవరో ఒకరి కూతురు తొమ్మిదో తరగతి జీవశాస్త్రం శ్రద్ధగా చదివి ఉండాలి.

ఆడపిల్లల మాట వచ్చింది గనుక ఇంకొక సంగతి. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాత నేర్పింది షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అనే మహిళ. ఈ విషయం అబూ దావూద్‌లో ఉంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్న చదువు మన ఇంట్లో పదో తరగతితో ఆగిపోవాలని ఎవరు నిర్ణయించారు? పరదా, భద్రత గురించి తల్లిదండ్రుల ఆందోళన మాకు తెలుసు, అది సమంజసమైనదే. దానికి దారి చూడటం పెద్దల పని. పుస్తకం లాక్కోవడం దారి చూడటం కాదు.

షెడ్డులో చేర్చే ముందు

2006లో సచార్ కమిటీ తన నివేదికలో రాసిన ఒక సంగతి మన సమాజం మరచిపోకూడదు. దేశంలో 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడికే వెళ్లలేదు, లేదా వెళ్లి మధ్యలో మానేశారు. ఆ పిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్లు, వాళ్ల పిల్లలు బడి ఈడుకు వచ్చారు. మెకానిక్ షెడ్డుల్లో, వెల్డింగు దుకాణాల్లో, చికెన్ సెంటర్లలో మన పిల్లల్ని చూస్తూనే ఉన్నాం. చేతిపనిని మేము తక్కువ చేయడం లేదు. దావూద్ (అలైహి) తన చేతి కష్టం తిని బతికిన ప్రవక్త. కాని పద్నాలుగేళ్లకే షెడ్డులో చేరినవాడు ఎల్లకాలం పానాలు అందించేవాడిగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. అదే పని పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లోనో పాలిటెక్నిక్‌లోనో నేర్చుకుంటే చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది.

గల్ఫ్‌కు పంపుదామనుకునే తల్లిదండ్రులు కూడా ఒక విషయం తెలుసుకోవాలి. పదో తరగతి పాసు కానివారికి పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమనే ముద్ర పడుతూ వచ్చింది. ఆ ముద్ర ఉన్నవారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. ఏజెంట్లు ఆడించే ఆటలన్నీ ఎక్కువగా వీరితోనే. ఒక్క సర్టిఫికెట్ లేక ఎంత డబ్బు, ఎంత గౌరవం పోగొట్టుకున్నామో తిరిగి వచ్చినవాళ్లను అడగండి. అలాగే 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద చదువులో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి ఆ సీటు దేనికి?

చిట్టీలతో వచ్చే మార్కులు

శ్రద్ధగా చదవమని చెబుతున్నాం గనుక ఇది కూడా చెప్పాలి. మార్కుల కోసం ఏమైనా చేయవచ్చనుకునే తల్లిదండ్రులు కూడా మన మధ్య ఉన్నారు. పరీక్ష కేంద్రం గోడ బయట నిలబడి కొడుక్కు చిట్టీలు అందించిన ఒక పెద్దమనిషిని మేము ఎరుగుదుం. ఆ రోజు జుహర్ నమాజుకు ఆయన మా వెనకే నిలబడ్డారు.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు కుప్ప దగ్గర ఆగి అందులో చెయ్యి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పాడు. మరి ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. మోసం చేసేవాడికి తమతో సంబంధం లేదని తేల్చి చెప్పారు. కాపీ కొట్టి తెచ్చుకున్న మార్కుల జాబితా ఆ ధాన్యపు కుప్ప లాంటిదే, పైన పొడి, లోపల తడి. ఆ సర్టిఫికెట్‌తో వచ్చిన సీటు నిజాయితీగా చదివిన ఇంకొకరి హక్కు కావచ్చు. నిజాయితీగా రాసి తప్పినవాడు దానికంటే ఎంతో మేలు, సప్లిమెంటరీ రాసుకుంటాడు.

మార్కులే సర్వస్వమనుకోవడం పిల్లల ప్రాణాల మీదికి తెస్తోంది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న సంగతి ఎవరం మరచిపోలేం. అమానత్ అని మేమన్నది పిల్లవాడి శ్రమను. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. కష్టపడి 40 మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి పక్కింటివాడి 90తో పోల్చి ఇంట్లో అవమానించే తండ్రి కూడా జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది. ఫలితాల రోజు పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి.

ఇక నమాజు. ట్యూషన్ పేరుతో మగ్రిబ్, రాత్రి చదువు పేరుతో ఫజర్ పోగొట్టుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఇషా అయ్యాక త్వరగా పడుకుని ఫజర్‌కు లేచి చదివితే రెండూ దక్కుతాయి. 2024లో, 2025లో పదో తరగతి పరీక్షలు చాలావరకు రమజాన్‌లోనే జరిగాయి. యుక్తవయసు వచ్చిన పిల్లలు పరీక్ష ఉందన్న ఒక్క కారణంతో ఉపవాసం మానకూడదు. జబ్బు చేస్తే వేరే మాట. ఆ రెండేళ్లూ మా మొహల్లా పిల్లలు సహరీ తర్వాత పడుకోకుండా చదివి, ఉపవాసంతోనే వెళ్లి రాసి వచ్చారు.

మన అబ్బాయి విషయం. ఆ రోజు వెళ్లేటప్పుడు అతను అసలు సంగతి బయటపెట్టాడు. "హజ్రత్, నాకు ఎనిమిదో తరగతి నుంచే లెక్కలు అర్థం కావడం లేదు. క్లాసులో అడిగితే నవ్వుతారు. ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు." చూశారా, మున్కర్ నకీర్ మాట వెనక దాగి ఉన్నది ఇది! మేము ఇన్ని హదీసులు చెప్పాం కాని ముందుగా అడగాల్సిన ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

మస్జిద్ కమిటీ పెద్దలతో మాట్లాడాం. అప్పటి నుంచి ఇషా నమాజు తర్వాత గంటన్నర సేపు పక్క గది లైట్లు ఆర్పడం లేదు. బి.ఇడి. చదువుతున్న ఒక యువకుడు వచ్చి లెక్కలు చెబుతున్నాడు. మొదటి వారం ముగ్గురు పిల్లలు వచ్చారు, ఇప్పుడు పదకొండు మంది. ఆడపిల్లలకు అసర్ తర్వాత ఒక సోదరి ఇంట్లో చెప్పిస్తున్నాం. కరెంటు బిల్లు పెరిగిందని కమిటీలో ఒకాయన గొణిగారు. దానికి ఒక చికెన్ సెంటరు యజమాని లేచి, తాను ఏడో తరగతితో మానేశానని, ఆ బిల్లు తానే కడతానని అన్నారు.